పూత గీకిన రాగి

బిడ్డ కాన్పుకు గుల్బర్గా పోతూ ఖైరున్నీసా అమ్మ
మేడ మీది పదకొండు కుండీలూ లెక్కపెట్టి
నా చేతుల పెట్టింది.
"పుదీనా జెర పైలం, ఐలేశ్."
అద్దె పదో తారీఖు దాటినా
తలుపు కొట్టని మనిషి.
సరే అన్న.

ఆ రాత్రే ముసురు పట్టింది.
మూడోనాడు పొద్దుగాల ఎక్కి చూస్తే
ఆకులు జల్లెడలు.
గచ్చు మీద రాత్రంతా ఎవరో
వెండి సిరాతో అర్జీ రాస్తూ రాస్తూ
ఎవరికియ్యాల్నో తెలవక వదిలేసినట్టు
గీతలు.

రాత్రి టార్చి పట్టుకొని పోయిన.
దొరికినయ్.
గుల్ల లేని నత్తలు.
నా లెక్కనే సొంతిల్లు లేనివి,
నాకు లేనంత తీరిక ఉన్నవి.

ఉప్పు చల్లమంటది మా అమ్మ, దేనికైనా.
ఒకదాని మీద చిటికెడు వేసిన.
నురుగు కక్కుతూ మెలి తిరిగింది.
టార్చి ఆర్పేసిన.
చీకట్ల గూడ కనబడ్డది.
ఆ పూట పప్పుల ఉప్పు వేసుకోబుద్ధి కాలేదు.

ఎగ్ బిర్యానీ బండి పిలగాడు
సంచెడు గుడ్డు పెంకులిచ్చిండు.
చుట్టూ పోసిన.
వానకు నాని పిండయినయ్.
పిండి మీదనుంచే నడిచినయ్.

రాణీగంజ్‌ల మా వైండింగ్ షాపుకు
నర్సరీ మోటారు తెచ్చిన ముసలాయన
మాటల మీద అన్నడు:
"రాగి దాటదు బిడ్డా.
దాని జిగురు రాగికి తగిలితే
షాక్ కొట్టినట్టయితది."

రాగి!
ఇరవై రెండేండ్లుగా నా వేళ్లు చదివిన ఒక్కటే పుస్తకం.
కాలిన మోటార్ల కడుపుల్లకెల్లి పీకి
బోలక్‌పూర్ కబాడీల తూకమేసి
నెలాఖరు గండం గట్టెక్కే రాగి.
ఈసారి తూకానికి పోలేదు.
కుండీకి మూడు చుట్లు,
చుట్టు పక్కన చుట్టు,
గిరాకీ మోటారుకు గూడ అంత ముద్దుగ కట్టలేదు.

రాత్రి గోడకు ఒరిగి కూసున్న.
మొదటిది వచ్చింది.
కొమ్ములతోని తడిమింది.
గేటు తీసున్న రైలు పట్టాలు దాటినట్టు
దాటింది.
రెండోది తీగ మీదనే కాసేపు ఆగి
అలసట తీర్చుకుంది.

నవ్వొచ్చింది. ఎనకనుంచి సిగ్గొచ్చింది.
ఎనామిల్ పూత!
చుట్టు చుట్టుకు తగిలి కాలకుండ
రాగి మీద కనబడని అంగీ.
"పూత పోతే మోటారు పోయినట్టేరా" అని
పని నేర్సుకునే పోరగాండ్లకు
రోజూ చెప్పేటోన్ని నేనే.

ఎమ్రీ కాయితం తెచ్చుకున్న.
నీళ్ల ట్యాంకు కింద, బల్బు ఎలుగుల,
పూత చెడకుండ కాసిన చేతులే
జానెడు జానెడు పూత గీకినయ్.
నాలుగు రాత్రులు.
వేళ్ల కొసలు మండినయ్.
కింద బయటపడ్డ రాగి మాత్రం
కొత్త బిందె లెక్క ఎర్రగున్నది.
ఇన్నేండ్ల నుంచి పట్టుకుంటున్నగని
దాని అసలు రంగు
ఎన్నడు చూడలేదనిపించింది.

అయిదో రాత్రి ఒకటి ఎగబాకింది.
తీగ దాంక వచ్చింది.
కొత్త వైండింగ్‌కు మొదటిసారి స్విచ్ వేసి
తిరుగుతదో, పొగ లేస్తదో అని
ఆగే ఆ అర సెకను
షాపుల రోజూ ఉంటది నాకు.
గదే అర సెకను.

కొమ్ములు లోపలికి గుంజుకుంది.
తిరిగింది.

తిరిగి, మెల్లగ,
నేను పాత పెయింటు బకెట్ల పెట్టుకున్న
పుంటికూర దిక్కు పోయింది.
దానికి తీగ సరిపోలేదు.
సరిపోలేదని అనుకున్న.
జేబుల ఇంకా చేరెడుంది.

ఫోన్ మోగింది.
ఎనక పసిబిడ్డ ఏడుపు, ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు.
"మనవరాలు, ఐలేశ్! పుదీనా ఎట్లుంది?"
"మంచిగుందమ్మా. రెండు కొమ్మలు తక్కువ."
"నువ్వేనా చట్నీ నూరుకున్నది?"

బకెట్ దిక్కు చూసిన.

"నేనేనమ్మా" అన్న.